కళ్లలో కిటికీ

వెలుతురు విషయంలో నాతో వాదన పెట్టుకోకండి. ముప్పై ఏళ్లుగా స్టూడియోలో కెమెరా పట్టినవాణ్ణి. ఏడుపు మొహాలను నవ్వించాను. మెల్లకన్ను తెలియకుండా కూర్చోబెట్టాను. పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములను ఒకే బెంచీ మీద భుజాలు తగిలేలా ఇరికించాను. ఇక టచప్ అంటారా, అంటే ఫోటోలో మచ్చలూ మరకలూ తుడిచెయ్యడం, అది నాకు వెన్నతో పెట్టిన విద్య. "నా పుట్టుమచ్చ నాకు మళ్లీ పెట్టండి మహాప్రభో" అని వచ్చినవాళ్లున్నారు గానీ, తుడిచినట్టు తెలుస్తోందని వచ్చినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే. అలాంటివాడికి ఆ ఏడు వానాకాలంలో, సొంత ఇంట్లో, సొంత కిటికీ ముందు, ఏడాదిన్నర పిల్లను ఒక్క ఫోటో తీయడానికి రెండు నెలలు పట్టింది. ఎందుకు పట్టిందో చెబుతాను.

తొలి వానలు పడిన వారానికే వచ్చింది ఆ పిల్ల. అయినవాళ్లంటూ ఎవరూ లేని పసివాళ్లకు శాశ్వతంగా ఒక ఇల్లు దొరికేదాకా, కొన్నాళ్లు తమ ఇంట్లో పెట్టుకుని చూసుకునే కుటుంబాల కోసం మా ఊళ్లో ఒక ఆఫీసు ఉంది. మా ఆవిడ కర్టెన్లు, దుప్పట్లు కుడుతుంది. ఆ ఆఫీసు కిటికీలకు కర్టెన్లు ఇచ్చి రావడానికి వెళ్లిన మనిషి, ఒక ఫారం పట్టుకుని వచ్చింది. ఇద్దరి సంతకాలూ కావాలంది.

"మూడు నెలలు," అన్నాను సంతకం పెడుతూ. "వానలు తగ్గేలోపు ఎవరో ఒకరు వచ్చి తీసుకెళతారు. అప్పుడు ఏడుపులూ మొత్తుకోళ్లూ ఉండకూడదు. ముందే చెబుతున్నా."

మా ఆవిడ తలూపింది.

కుర్చీలో కూర్చుని వింటున్న మా అమ్మ ఊరుకుంటుందా? "ఏరా, ఇంటికి తెస్తున్నది పిల్లనా, గొడుగునా? వానలు తగ్గాక తిరిగిచ్చెయ్యడానికి?"

అమ్మకు తెలియనిది కాదు. పిల్లల కోసం మేమిద్దరం పన్నెండేళ్లు ఆశపడ్డాం. ఒకసారి అయిదో నెల దాకా వచ్చి పోయింది. ఆ తర్వాత ఆరు నెలలు మా ఆవిడ కుట్టు మిషను మీద కప్పిన గుడ్డ తీయలేదు. ఆ ఆరు నెలలు నేను మళ్లీ చూడదలుచుకోలేదు. అందుకే ఇంట్లో ఆ ఊసు ఎత్తకూడదని కట్టడి చేసింది నేనే. ఇప్పుడు ఈ పిల్ల విషయంలోనూ ఒక కట్టడి పెట్టాను. ముద్దుపేర్లు పెట్టకూడదు, ఫైల్లో ఉన్న పేరుతోనే పిలవాలి, ముద్దుపేరు పెట్టామంటే మనకు తగులుకుంటుంది అని.

రెండో రోజు సాయంత్రం ఆ పిల్ల గది మధ్యలో నిలబడింది. చేతులు రెండూ బారజాపింది. గిర్రున తిరగడం మొదలుపెట్టింది. తిరిగి తిరిగి దభీమని కూలబడి, గది ఆగేదాకా బిత్తరచూపులు చూసి, మళ్లీ లేచి తిరగడం. "ఓసి నీ బొంగరం!" అని ఎవరో అన్నారు. అంతే, ఆ పేరే ఖాయమైపోయింది. ఆ అన్నది ఎవరో మా అమ్మ ఈనాటికీ నన్ను మరిచిపోనివ్వదు.

మూడో వారం ఆఫీసరమ్మ వచ్చింది. పిల్ల ఎలా ఉందో చూడటానికి ఆ ఆఫీసు నుంచి వచ్చే మనిషి. తడిసిన చెప్పులు గుమ్మం బయట విడిచి, సంచిలోంచి ప్లాస్టిక్ కవరు, కవర్లోంచి ఫైలు తీసింది.

"పొరుగూళ్లో ఒక జంట ఉన్నారండీ. ఇద్దరూ టీచర్లు. మంచివాళ్లు. ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లల వివరాలు పంపమన్నారు. ఈ పిల్ల ఫైలు పంపిద్దామంటే, చూడండి, ఫోటో ఇదీ."

చూశాను. ఎవరో మహానుభావుడు ఫ్లాష్‌ను సరాసరి పిల్ల మొహాన కొట్టాడు. మొహం సున్నం, కళ్లు ఎరుపు, వెనక గోడ మీద నల్లటి నీడ, నోరు తెరిచి ఒకటే ఏడుపు. ఆ ఫోటో చూసి ఆ పిల్లను కావాలనుకునేవాడికి ముందు కళ్లజోడు ఇప్పించాలి.

"మీరు ఫోటోగ్రాఫర్ కదా," అంది ఆఫీసరమ్మ. "ఒక మంచి ఫోటో తీసిపెట్టండి. కాకపోతే కొన్ని నియమాలున్నాయి. పిల్ల తిన్నగా కెమెరా వైపు చూడాలి. ఒక్కతే ఉండాలి. ఇంకెవరి చెయ్యి గానీ నీడ గానీ ఫోటోలో పడకూడదు. చూసేవాళ్లు 'ఈ పిల్ల మా ఇంట్లో ఉంటేనా' అని ఊహించుకోవాలి. పక్కన వేరే మనిషి ఉంటే అలా ఊహించుకోలేరండీ."

"దీనికింత చెప్పాలా? గంట పని. ఎల్లుండి వచ్చి పట్టుకెళ్లండి," అన్నాను.

కిటికీ పక్కన కుట్టు మిషను చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

మర్నాడు పిల్లను, మా ఆవిడను స్టూడియోకి తీసుకెళ్లాను. స్టూల్ మీద కూర్చోబెట్టాను. ఇటు ఒక గొడుగు లైటు, అంటే వెలుతురు మెత్తబడటానికి తెరిచిన తెల్ల గొడుగు బిగించిన లైటు, అటు ఇంకొకటి. మొదటి ఫ్లాష్ వెలిగిందో లేదో, బొంగరం పెట్టిన కేకకి పక్కనున్న టైర్ల షాపులోంచి ఇద్దరు మనుషులు పరిగెత్తుకొచ్చారు. మా ఆవిడను కరుచుకుపోయి, ఆవిడ మెడ మీద నాలుగు గోళ్ల గాట్లు పెట్టింది. ఇక ఎంత బతిమాలినా తల ఎత్తలేదు. అంతటితో పోయిందా? ఆ రోజు నుంచి ఎవరు గొడుగు తెరిచినా ఏడుపే. వానాకాలంలో! ఇంట్లో అందరం వీధి చివరిదాకా తడుస్తూ వెళ్లి, పిల్లకు కనపడని చోట గొడుగు తెరిచేవాళ్లం. ఎదురింటివాళ్లు మమ్మల్ని ఏమనుకున్నారో ఏమో.

అయితే ఏం, ఇంట్లో తీస్తానన్నాను. మా ముందు గదిలో నేలకు జానెడు ఎత్తులోనే మొదలయ్యే పెద్ద కిటికీ ఒకటుంది. ఉత్తరం వైపు. ఎండ తిన్నగా పడదు, వెలుతురు మాత్రం రోజంతా ఉంటుంది. ఇంట్లో మంచి వెలుతురు ఎక్కడుందో ఫోటోగ్రాఫర్ కన్నా ముందు కనిపెట్టేది కుట్టేవాళ్లే. ఆ కిటికీ కోసం పెళ్లైన కొత్తలోనే మేమిద్దరం కొట్లాడుకున్నాం. ఆవిడే గెలిచింది. అప్పటినుంచి ఆవిడ మిషను దాని పక్కనే. ఇప్పుడు ఆవిడే ఆ కిటికీకి సన్నటి తెల్లగుడ్డతో కర్టెన్ కుట్టి వేలాడదీసింది. దాంతో వెలుతురు పిల్ల మొహం మీద గుచ్చుకోకుండా మెత్తగా పరుచుకుంది. గదిలో బల్బులన్నీ ఆర్పేశాను. బల్బు పసుపూ పగటి తెలుపూ కలిస్తే ఒక చెంపకు కామెర్లు వచ్చినట్టుంటుంది. చీకటి పడే వైపు రెండు కుర్చీల మీద తెల్ల దుప్పటి పరిచి నిలబెట్టాను. వెలుతురు దానికి తగిలి వెనక్కొచ్చి ఆ చెంపను కూడా తేలుస్తుంది.

"ఇల్లా, ఆసుపత్రి వార్డా ఇది?" అంది అమ్మ.

"నువ్వు కాసేపు రోగిలా కదలకుండా కూర్చో."

పసిపిల్లల్ని ఫోటో తీసేవాడు నిలబడి తీయకూడదు. నిలబడి తీస్తే నడినెత్తి, నేల తప్ప ఏమీ రావు. వాళ్ల కళ్లు ఎక్కడుంటే మన కెమెరా అక్కడుండాలి. పిల్లను కిటికీకి ఎదురుగా నేల మీద కూర్చోబెట్టి, నేను కిటికీ వైపు కాళ్లు పెట్టి, మోచేతుల మీద బోర్లా పడుకున్నాను. ఫ్లాష్ లేదు. చప్పుడు లేదు. "ఇటు చూడు, నవ్వు" అనడం అసలే లేదు. అలా అన్నామో, అంతే సంగతులు. వాళ్ల ఆట వాళ్లు ఆడుకుంటూ మనల్ని మరిచిపోయేదాకా మన నోరు మూసుకుని ఉండాలి. నేను నోరు మూసుకోవడం చూసి మా అమ్మకు ఆ కెమెరా మీద గౌరవం పెరిగింది.

మొదటి వారంలోనే నలభై ఫోటోలు తీశాను. వాటిలో పది బాగున్నాయి. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

పైకి ఏమన్నానంటే, ఒక రోజు నోటి పక్కన అరటిపండు అంటుకుందన్నాను. ఒక రోజు జుట్టు రేగిందన్నాను. ఇంకో రోజు ముక్కు కారుతోందన్నాను. అరటిపండు మరక తుడవడానికి నాకు పట్టేది పది సెకన్లు. ఆఫీసరమ్మ ప్రతి సోమవారం ఫోన్ చేసేది. "వెలుతురు సరిగా లేదండీ, మబ్బులు," అనేవాణ్ణి. "అయ్యో, అవునండీ, ఈ వానలొకటి," అనేది పాపం.

ఈలోగా బొంగరం నా పని నేర్చేసుకుంది. దారపు ఉండల ఖాళీ అట్టపెట్టె ఒకటి సంపాదించింది. నేను బోర్లా పడుకోగానే తనూ నాకు ఎదురుగా బోర్లా పడుకుని, ఆ పెట్టె మొహానికి ఆనించుకునేది. ఒక కన్ను మూయడం చేతకాదు, రెండు కళ్లూ గట్టిగా మూసేది. మూసి, నోటితో "టిక్" అనేది. అన్నాక నా మొహంలోకి చూసేది, ఫోటో ఎలా వచ్చిందో కనుక్కుందామన్నట్టు. నేను బొటనవేలు చూపించాల్సి వచ్చేది. చూపించకపోతే ఒప్పుకునేది కాదు, మళ్లీ టిక్.

మా ఆవిడ మాత్రం ఇచ్చిన మాట మీద నిలబడింది. ఏడవలేదు, ఎదురు మాట్లాడలేదు. గౌన్లు కుట్టింది. ఒక మధ్యాహ్నం చూద్దును గదా, ఆరు గౌన్లు మడతపెట్టి ఉన్నాయి. ప్రతి గౌనుకూ అంచులో నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుట్టింది.

"అంత మడత ఎందుకు?" అన్నాను.

"పిల్ల పొడుగవుతుందిగా. వాళ్లు కుట్లు విప్పుకుంటే ఇంకో రెండేళ్లు వస్తాయి." దారం పళ్లతో తెంపింది. "ఏవండీ, ఆ టీచర్ల ఇంట్లో ఇంత పెద్ద కిటికీ ఉంటుందంటారా?"

"టీచర్లు గదా. ఉంటుందిలే."

"ఉంటే బాగుండు. దీనికి వెలుతురు అలవాటైంది."

దగ్గినట్టు చేసి, కెమెరా తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాను. తప్పు చేస్తున్నది ఆవిడ కాదని, నేనని అప్పుడైనా తెలిసి ఉండాలి. తెలియలేదు. అన్నీ తెలిసినవాణ్ణి కదా.

ఫోటోలు మొదలుపెట్టిన రెండో నెల చివర ఒక సోమవారం, ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి అమ్మ నన్నే చూస్తోంది.

"ఏమంటోంది ఆఫీసరమ్మ?"

"ఈ శుక్రవారం వస్తుందట. ఫోటో ఉన్నా లేకపోయినా ఫైలు పంపించేస్తారట. పాత ఫోటోతోనే."

"మరి నువ్వేమన్నావు?"

"మబ్బులని చెప్పాను. వెలుతురు లేనిదే నేనేం చేస్తాను?"

అమ్మ చేతిలో కళ్లజోడు ఒళ్లో పెట్టుకుంది. "ఒరేయ్, స్టూడియోకి కొత్తగా పనిలోకి వచ్చిన ప్రతివాడికీ నువ్వు చెప్పే మొదటి పాఠం ఏమిటి? ఈ ఇంట్లో వినీ వినీ నాకే కంఠతా వచ్చింది. 'మబ్బు పట్టిన రోజే మొహాలకి మంచిరోజు. ఆకాశమంతా ఒకటే పెద్ద తెల్ల పరదా.' నువ్వు చెప్పావా, నేను కలగన్నానా?"

నేను కెమెరా తుడిచే గుడ్డ కోసం వెతకడం మొదలుపెట్టాను.

"పంపించాలనుంటే మంచి ఫోటో తియ్యి. వద్దనుంటే వద్దని నోటితో చెప్పు. అంతేగానీ, పాపం ఆ ఆకాశం మీదకు ఎందుకురా తోస్తావు?"

నాకు కోపం నషాళానికి అంటింది. నా పనిని ఎవరైనా అనుమానిస్తే నేను ఊరుకోను, కన్నతల్లి అయినా సరే. "రేపే తీస్తాను. చూస్తూండు. ఆ టీచర్లు ఫోటో చూసి ఆ పూటే బస్సెక్కాలి," అన్నాను. అన్నానే గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున పదింటికి చినుకు లేదు, ఎండ లేదు. ఆకాశం ఒకే తెలుపు. నా ముప్పై ఏళ్లలో అంతకన్నా మంచి వెలుతురు చూడలేదు, ఒట్టు. బొంగరం గిరగిరా నాలుగు చుట్లు తిరిగి, సరిగ్గా నాకు కావలసిన చోట కూలబడింది. కళ్లు ఇంకా తిరుగుతున్నాయి. చూపు గోడల మీద, కుర్చీల మీద ఎక్కడా నిలవక జారిపోతోంది. "ఒక్కసారి పిలువు," అన్నాను మా ఆవిడతో, కెమెరాలోంచి కన్ను తీయకుండా. కిటికీ పక్కన మిషను మీదున్న మనిషి లేచి, నా వెనక నిలబడి, "రా" అంది. అంతే. ఆ చూపు నిలబడింది. తిరుగుతున్న గది మొత్తంలో పట్టుకోవడానికి ఒకటి దొరికినట్టు నిలబడింది. నవ్వలేదు. నవ్వబోతోంది. నేను మూడుసార్లు నొక్కాను. రెండోదే ఫోటో అని నొక్కినప్పుడే తెలిసింది.

"వచ్చిందా?" అంది మా ఆవిడ.

"వచ్చింది."

"సరే అయితే," అని మళ్లీ మిషను దగ్గరికి వెళ్లింది. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు తడబడింది. ఆవిడ సూది తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

స్టూడియోకి వెళ్లి కంప్యూటర్లో తెరిచాను. మొహం తిన్నగా ఉంది. ఒక్కతే ఉంది. గడ్డం కింద చిన్న గీత, తుడిచాను. చెంప మీద పాల చుక్క, తుడిచాను. తర్వాత అలవాటు ప్రకారం కళ్లను పెద్దవి చేసి చూశాను. కిటికీ ముందు తీసిన మొహంలో ప్రతి కంట్లోనూ ఒక చిన్న కిటికీ ఉంటుంది. అది ఉంటేనే కంటికి ప్రాణం. ఉంది. తెల్లగా, నలుచదరంగా, కర్టెన్ మడతలతో సహా ఉంది. కింది అంచున ఎప్పుడూ ఉండే నల్లటి ముద్ద ఉంది, దాన్ని ఏ ఫోటోగ్రాఫరూ పట్టించుకోడు. ఆ పైన ఒక మనిషి నిలబడి ఉంది. బియ్యపు గింజంత మనిషి. చేతులు రెండూ చాపి ఉంది. మెడలో వేలాడుతున్న కొలత టేపు కూడా తెలుస్తోంది.

ఇంకెవరి చెయ్యి గానీ నీడ గానీ ఫోటోలో పడకూడదు.

ఇంతకన్నా పెద్దవి తుడిచాను. పెళ్లి గ్రూపు ఫోటోలోంచి నిలువెత్తు బావమరిదినే తీసేసి వెనక గోడ అతికించినవాణ్ణి. నాకిదో లెక్కా? ముందు కుడి కంట్లో తుడిచాను. తర్వాత ఎడమ కంట్లో తుడిచాను. కిటికీ చెక్కుచెదరలేదు. చేయి తిరిగిన పని. దూరం జరిగి చూశాను. కళ్లున్నాయి, వెలుతురుంది, అన్నీ ఉన్నాయి. పిల్ల మాత్రం ఎవరి కోసమో వెతుకుతున్నట్టుంది. గదంతా ఇంకా తిరుగుతున్నట్టే ఉంది.

రేకుల మీద వాన మొదలైంది. నేను ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చివరికి తుడిచింది వెనక్కి తెచ్చాను. కుడి కంట్లో ముందు, ఎడమ కంట్లో తర్వాత. పెద్ద సైజులో ఒకే ఒక్క ప్రింటు తీశాను. ప్రింటులో చుక్కలు చూసుకునే నా భూతద్దం కూడా జేబులో వేసుకున్నాను.

శుక్రవారం ఆఫీసరమ్మ తడుస్తూ వచ్చింది. మా బొంగరం సంగతి తెలిసి గొడుగు వీధి చివరే ముడిచేసిందట. అమ్మ తువ్వాలు ఇచ్చింది. మా ఆవిడ గౌన్ల మూట తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను కవరు అందించాను.

ఫోటో చూసి ఆఫీసరమ్మ ఆపుకోలేక "అబ్బ!" అంది. "ఇదండీ కావలసింది. ఇది చూస్తే వాళ్లు ఒక్క రోజు ఆగరు."

"ఆ ఫోటో పంపడానికి లేదండీ," అన్నాను. "నియమం ప్రకారం లేదు. అందులో ఇంకో మనిషి ఉంది."

"ఎక్కడండీ? ఒక్కతే ఉందిగా."

భూతద్దం ఇచ్చాను. "కళ్లలో చూడండి."

ఆవిడ ప్రింటును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వంగింది. చాలాసేపు వంగే ఉంది. తర్వాత భూతద్దం మా ఆవిడ చేతికిచ్చింది. మా ఆవిడ చూసింది. చెయ్యి మెల్లగా మెడ దగ్గరికి వెళ్లింది, టేపు తడుముకుంది.

"పోనీ ఇది తీసేసైనా నిలబడాల్సింది," అంది. రెండు నెలల్లో మొదటిసారి ఆవిడ కళ్లు నిండటం చూశాను.

"మీ దగ్గర ఇంకో రకం ఫారం ఉంటుందట కదండీ," అన్నాను ఆఫీసరమ్మతో. "కొన్నాళ్లు కాదు, ఎప్పటికీ ఉంచుకునేవాళ్లు నింపేది."

ఆఫీసరమ్మ సంచిలో చెయ్యి పెట్టి తీసింది. అంచులు నలిగి ఉంది. "నెల రోజుల నుంచి మోస్తున్నాను. నాకు వెలుతురు గురించి తెలియదు గానీ, సాకుల గురించి బాగా తెలుసండీ. మీరుగా నోరు తెరవాలని ఆగాను. శుక్రవారం దాటితే మాత్రం ఆగడం నా చేతుల్లో లేదు."

"మరి ఆ టీచర్లు?" అంది మా ఆవిడ. చూడండి, అంత సంతోషంలోనూ ఆవిడకు ఆ బెంగ.

"వాళ్లకి ఈ పిల్ల సంగతి ఇంకా చెప్పనే లేదమ్మా. ఇల్లు లేని పిల్లలు నా సంచిలో చాలామంది ఉన్నారు."

నేను పెన్ను తీసి దర్జాగా కూర్చున్నాను. వయసు, వృత్తి, గదులు ఎన్ని, గబగబా నింపేశాను. చివర్న ఒక గడి. ఈ బిడ్డను ఎందుకు కోరుకుంటున్నారు? నాకు ఆలోచించాల్సిన పనే లేదు. 'నా భార్య కోరిక మేరకు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. రాసి, ఎంత పెద్ద మనసు నాది అన్నట్టు ఆవిడ వైపు తిప్పాను.

ఆవిడ చదివింది. కళ్లు తుడుచుకుంది. "నా కోరికా? నేను ఒక్కసారైనా నోరు తెరిచి అడిగానా మిమ్మల్ని?"

"అడగలేదనుకో. నీ మనసు నాకు తెలియదా?"

"నా మనసు సరే. మీది ఏది?"

పెన్నుకు మూత పెట్టి, మళ్లీ తీశాను. ఈలోగా అమ్మ కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుని, కళ్లజోడు మీద భూతద్దం పెట్టుకుని, ఆ ఫోటోను అంగుళం అంగుళం గాలిస్తోంది.

"సరే, ఈ నిలబడ్డది కోడలు. టేపుంది, పోల్చాను. మరి కింద పడి ఉన్న ఈ మూటేమిట్రా?"

"మూటేమిటి?"

"ఇదిగో. కిటికీ కింద. నల్లగా, లావుగా. ఇంత వెడల్పు మూట మనింట్లో ఏముంది?"

లాక్కుని చూశాను. రోజూ చూసేదే. ప్రతి ఫోటోలో, ప్రతి పిల్ల కంట్లో ఉండేదే. ముప్పై ఏళ్లుగా నా చూపు దాన్ని దాటి వెళ్లిపోయేది. మోచేతుల మీద బోర్లా పడుకున్న ఒక మనిషి. తల, భుజాలు, మొహానికి ఆనించుకున్న పెట్టె. వీధి చివరిదాకా తడుస్తూ వెళ్లి గొడుగు తెరిచిన మనిషి. పది మంచి ఫోటోలు దాచేసుకుని ఆకాశాన్ని తిట్టిన మనిషి. మా ఆవిడ కన్నా దగ్గరగా, ఆవిడ కన్నా పెద్దగా ఉన్నాడు.

"అది నేనేనమ్మా," అన్నాను.

పెన్ను అందుకున్నాను. 'నా భార్య' అన్న రెండు మాటలూ అడ్డంగా కొట్టేశాను. పైన 'మా' అని రాశాను.

"అయ్యో, కొట్టివేతలుంటే బాగోదండీ," అంది ఆఫీసరమ్మ. "ఇంకో ఫారం ఇస్తాను, శుభ్రంగా రాయండి."

"ముప్పై ఏళ్లుగా మచ్చలు తుడవడమే నా పని మేడం. ఈ ఒక్కటీ ఉండనివ్వండి."

ఆఫీసరమ్మ ఒక క్షణం నన్ను చూసి, కొట్టివేత పక్కన నా చేత చిన్న సంతకం పెట్టించుకుంది. ఆ కాగితం ఎన్నో బల్లలు దాటింది, ఎందరో మా ఇంటికి వచ్చి గదులు, మమ్మల్ని, అమ్మ మందుల డబ్బాను కూడా పరీక్షించి వెళ్లారు. చివరికి చెల్లింది. గౌన్ల అంచుల్లో కుట్లు మా ఆవిడే విప్పింది, ఏడాదికో వరస.

కానీ నేను చెప్పదలుచుకున్నది ఆ శుక్రవారం సంగతి. ఆఫీసరమ్మ ఫైలు కవర్లో పెడుతోంది. మా ఆవిడ బల్ల మీది గౌన్ల మూట విప్పుతోంది. ఇంతలో బొంగరం తన అట్టపెట్టె పట్టుకుని వచ్చి, మా కాళ్ల దగ్గర నేల మీద బోర్లా పడుకుంది. పెట్టె మొహానికి ఆనించి మా వైపు తిప్పింది. రెండు కళ్లూ గట్టిగా మూసుకుంది.

"ఉండండుండండి, తీస్తోంది," అంది అమ్మ, జుట్టు సర్దుకుంటూ.

మా ఆవిడ నా పక్కకు వచ్చి నిలబడింది. నేను పొట్ట లోపలికి లాక్కున్నాను. టిక్ అనేదాకా ఎవ్వరం కదల్లేదు.